మూడోసారి అడిగే దేశం

ఎన్నడూ కాలు పెట్టని దేశం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమంటే బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా వద్దంటారు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. కాట్‌బస్‌లో మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్నప్పటి మాట ఇది. మా హాస్టల్లో ఏటా ఒక శుక్రవారం దేశాల సాయంత్రం అని పెడతారు. ఒక్కో దేశానికి ఒక బల్ల, పదిహేను నిమిషాల మాట. ఆ ఏడు నేను మాట్లాడబోయేది ఇండియా గురించి కాదు, భూటాన్ గురించి.

ఇండియాకు మాట్లాడేవాళ్ళు కొదవా? మా తెలుగువాళ్ళే ఒక బస్సు నిండా ఉంటారు. బిర్యానీ ఒకరు, డ్యాన్సు ఒకరు, మైకు కోసం కొట్టుకునేవాళ్ళు పదిమంది. భూటాన్‌కు మాత్రం ఒక్కతే మనిషి, నా పక్కగది అమ్మాయి. నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే ఆమెకు చెమటలు పట్టేవి. "వంట నేను చేస్తాను, మాట నువ్వు చెప్పు" అంది. మాట చెప్పడమంటే నాకెంత ఇష్టమో మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆమె వాళ్ళ దేశంలో అటవీశాఖలో చిన్న ఆఫీసరు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. చదువుకోవడానికి రెండేళ్ళ సెలవు పెట్టి వచ్చింది. ఇంగ్లీషు బళ్ళో నేర్చుకుంది, హిందీ టీవీ చూసి నేర్చుకుంది. ఆ రెండూ కలగలిపి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాటలే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మా పరిచయం కిచెన్‌లో మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి పచ్చిమిరపకాయలు నిలువుగా చీలుస్తూ కూర్చుంది. వియత్నాంవాళ్ళ కొట్లో ఉన్నవన్నీ ఊడ్చి తెచ్చినట్టుంది. బజ్జీలు వేస్తుందేమోనని ఆశపడ్డాను. కాదు, అది కూర. మిరపకాయ అక్కడ కారం కోసం వేసేది కాదు, అదే కూరగాయ. దాంట్లో ఇంత చీజ్ వేసి ఉడికిస్తారు. ఎమా దాట్షి అంటారు.

అంతలో గుంటూరు అన్న వచ్చాడు. పీహెచ్‌డీ చేసే సీనియర్, మా తెలుగువాళ్ళకు పెద్దదిక్కు. గిన్నెలోకి తొంగిచూసి నవ్వాడు. "ఏందమ్మాయ్, మిరపకాయల యార్డు పక్కన పుట్టినోణ్ణి నేను. మాకే కారం చూపిద్దామనే?" అని కంచం నిండా వడ్డించుకున్నాడు. రెండో ముద్దకు మాట పడిపోయింది. మూడో ముద్దకు ఫ్రిజ్ వైపు పరుగు తీశాడు. పెరుగు డబ్బా సగం ఖాళీ చేశాక, "కారం తినటం వేరు, కాయలకు కాయలే తినటం వేరు తల్లీ" అన్నాడు. అప్పటినుంచి ఆమె వంట చేస్తుంటే పెరుగు డబ్బా చేతిలో పట్టుకునే వచ్చేవాడు.

మరుసటి ఆదివారం నేను పప్పుచారు చేసి ఆమెను పిలిచాను. అరచేతితో నోరు మూసుకుని "మెషు, మెషు" అంది. వద్దు వద్దు అని. కొంచెం తిను అన్నాను. మళ్ళీ మెషు. నేను ఊరుకునే రకమా? "రుచి చూసి చెప్పవే" అని కంచం చేతిలో పెట్టాను. అప్పుడు కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తింది. తిన్నాక చెప్పింది, వాళ్ళ దగ్గర మర్యాద అంటే అదట. ఏది పెట్టినా మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. అడిగేవాళ్ళకూ అది తెలుసు కాబట్టి మూడుసార్లూ అడుగుతారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇళ్ళలో జరిగేది మాత్రం వేరా? విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకే ఇంకో గరిటె పడుతుంది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మా సామెత పూర్తిగా రాయలేను గానీ, జర్మనీలో దాని ఫలితం నేను అనుభవించాను. వచ్చిన మొదటి నెల ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఆదివారం కాఫీకి పిలిచి, ప్లమ్ పళ్ళ కేకు ముందు పెట్టి, తింటావా అని అడిగింది. "అయ్యో, వద్దండీ" అన్నాను. ఆవిడ సరేనని తన ముక్క తాను కోసుకుని, తిని, మిగతాది మూత పెట్టి ఫ్రిజ్‌లో దాచేసింది. ఆకలితో గంటసేపు ఆ ఫ్రిజ్ తలుపు చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. మర్యాద లేక కాదు, మన మాట నమ్మి. ఈ సంగతి నా పక్కగది అమ్మాయికి ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

దేశాల సాయంత్రానికి ఇంకా వారం ఉందనగా ట్రామ్‌లో వస్తూ ఉత్సాహంగా చెప్పింది, మా డిపార్ట్‌మెంట్ ప్రొఫెసరమ్మ ఆమెను తన బృందంలో థీసిస్ చేయమని అడిగిందట. నేను సీట్లోంచి లేచినంత పనిచేశాను. ఆ బృందం సంగతి నాకు తెలుసు. మాది గోదావరిఖని, మా నాన్నది బొగ్గుబాయి ఉద్యోగం. ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు చూస్తూ పెరిగినదాన్ని. కాట్‌బస్ చుట్టూ కూడా అంతే, బొగ్గు తవ్వి తవ్వి వదిలేసిన ఇసుక మైదానాలు. గడ్డి కూడా మొలవని ఆ నేల మీద అడవి పెంచడమే ప్రొఫెసరమ్మ పని. నా పక్కగది అమ్మాయి ఆ పని నేర్చుకోవడానికే ఇంత దూరం వచ్చింది. వాళ్ళ జిల్లాలో రోడ్డు కోసం కొండను కోస్తే, వానాకాలం ఆ కొండ జారి, వాళ్ళ ఊరి అక్రోట్ చెట్లను, బడికి పోయే దారిని మింగేసిందట. కొండను మళ్ళీ ఎలా నిలబెట్టాలో తెలుసుకోకుండా తిరిగి వెళ్ళనని వాళ్ళమ్మకు చెప్పి విమానం ఎక్కింది.

"ఇంకేంది మరి! నువ్వేమన్నవ్?"

"వద్దన్నాను."

"వద్దన్నవా?"

"అవును. నాకంత అర్హత లేదండీ, నాకంటే తెలిసినవాళ్ళున్నారు అన్నాను. అడగ్గానే సరే అంటామా ఎవరైనా?"

"ఆమె ఏమన్నది?"

"'షాడె' అంది. అయ్యో, పోనీలే అని."

"ఎప్పుడే ఇది?"

"మూడు వారాలైంది. మళ్ళీ అడుగుతుంది కదా అని చూస్తున్నాను."

"అడగదే తల్లీ! ఈ దేశంలో ఎవ్వరూ రెండోసారి అడగరు!" అని అరిచాను. ముందు సీటు తాత వెనక్కి తిరిగి చూశాడు. నా కేకు కథ అప్పుడు చెప్పాను, చెప్పాల్సిన సమయం దాటిపోయాక. ఆమె మొహం పాలిపోయింది. గదికి వచ్చి చూస్తే డిపార్ట్‌మెంట్ మెయిల్ ఉంది. బృందంలో ఒక థీసిస్ స్థానం ఖాళీగా ఉంది, సోమవారం నుంచి అందరి దరఖాస్తులూ తీసుకుంటాం అని. ఆ సోమవారం దేశాల సాయంత్రం తర్వాత వచ్చేదే.

"రేపే పోయి అడుగు" అన్నాను.

"వద్దన్న నోటితోనే ఇప్పుడు ఇమ్మని ఎలా అడగను? సిగ్గు కాదా?"

"అడగందే అమ్మైనా పెట్టదని మా దిక్కు సామెత!"

"అదేం అమ్మ? మా అమ్మ మూడుసార్లు అడిగి పెడుతుంది."

తల పట్టుకున్నాను. నేనే వెళ్ళి చెబుతానంటే నా చేయి పట్టుకుంది. "నా గురించి ఆమెతో ఒక్క మాట అనకూడదు. ఒట్టు పెట్టు." పెట్టాను. ఒట్టు తప్పే మనిషిని కాను. కానీ ఆ రాత్రి కాగితం ముందు కూర్చున్నాక తట్టింది, ఆమె గురించి మాట్లాడనని ఒట్టు పెట్టాను గానీ ఆమె దేశం గురించి మాట్లాడనని కాదు కదా! ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మరునాడే ప్రొఫెసరమ్మను కలవడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నాను. అరవైకి దగ్గరపడిన మనిషి, సన్నగా, బల్ల మీద సైకిల్ హెల్మెట్. ఏదో పాఠంలో సందేహం అడిగి, లేచేటప్పుడు దేశాల సాయంత్రానికి రమ్మన్నాను. డైరీ తెరిచి వేలితో వెతికింది. "శుక్రవారం, ఆరు నుంచి ఏడు. ఏడు గంటలకు వెళ్ళిపోతాను" అంది. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాను.

ఇక రాయడం. రెండు సాయంత్రాలు కిచెన్‌లో కూర్చుని రాశాం. ఆమె చెబుతుంటే నాకు పెన్ను ఆగేది కాదు. అటు చైనా, ఇటు మన దేశం, మధ్యలో కొండల్లో ఇరుక్కున్న చిన్న రాజ్యం. రైలు లేదు. ఒక్కటి కూడా లేదా అన్నాను. "పట్టాలు ఎక్కడ వేస్తాం, గోడ మీదా?" అంది. విమానం దిగేది ఒక లోయలో. కొండల సందుల్లో వంకరలు తిరుగుతూ దిగాలి కాబట్టి కొద్దిమంది పైలట్లకే అనుమతి. దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే రెక్క పక్కనే ఎవరి ఇంటి మిద్దె మీదో ఎండబెట్టిన మిరపకాయలు కనబడతాయట. రాజధానిలో సిగ్నల్ లైట్లు లేవు. కూడలిలో తెల్ల చేతితొడుగుల పోలీసు నిలబడి చేతులు ఊపుతాడు. ఈమె పుట్టాకే దేశానికి టీవీ వచ్చింది. సగం నేలకు పైగా ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. అన్నిటికంటే ఎత్తైన కొండను ఎవ్వరూ ఎక్కలేదు, ఎక్కనివ్వరు. పైన దేవుళ్ళు ఉంటారు కదా, వాళ్ళ నెత్తిన ఎలా నిలబడతామంది.

"సంతోషాన్ని కొలిచే దేశం" అని నేను పెద్ద అక్షరాలతో రాస్తే పడీపడీ నవ్వింది. "మా ఇంటికీ వచ్చారు ఆ లెక్కలవాళ్ళు. ఎంతసేపు నిద్రపోతావు, పక్కింటివాళ్ళను నమ్ముతావా అని అడిగారు. పక్కింటి మాట ఎత్తగానే మా అత్త రెచ్చిపోయి వాళ్ళను పొద్దంతా కూర్చోబెట్టింది." తర్వాత నవ్వు ఆపి అంది, "మేమంతా సంతోషంగా ఉన్నామని మాత్రం రాయకు. నాతో చదివినవాళ్ళలో సగం మంది ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. సంతోషంగా ఉన్నారా అని అడిగే దేశం అని రాయి, చాలు." నేను కొట్టేసి అలాగే రాశాను.

శుక్రవారం హాలంతా తిరునాళ్ళలా ఉంది. ఆమె తన కీరా కట్టుకుంది, చేత్తో నేసిన నిలువు గుడ్డ, భుజాల దగ్గర వెండి పిన్నులు, నడుముకు పట్టీ. నాకూ ఒకటి కట్టింది. పట్టీ ఎంత బిగించిందంటే నాకు ఊపిరి సగమే ఆడింది. గుంటూరు అన్న బిర్యానీ బల్ల దగ్గర నుంచి కేకేశాడు, "ఏందమ్మాయ్, పార్టీ మార్చావా?"

"ఇయ్యాల ఒక్కరోజే అన్నా! రేపు మళ్ల వాపస్ వస్త!"

ఆరు కొట్టగానే ప్రొఫెసరమ్మ వచ్చి రెండో వరుసలో కూర్చుంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది. ముందు రెండు దేశాలవాళ్ళు మాట్లాడాక నేను మైకు అందుకున్నాను. ఇంక చూడాలి నన్ను! విమానం వంకరలు చేతులతో తిప్పి చూపించాను, పోలీసు లాగా ట్రాఫిక్ నడిపాను, అత్త కథ చెబితే హాలు ఘొల్లుమంది. చివరికి అసలు మాటకు వచ్చాను.

"ఆ దేశం వెళ్ళేవాళ్ళు ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. అక్కడ ఏదైనా ఇస్తానంటే మంచి మనుషులు మొదటిసారి వద్దంటారు, రెండోసారీ వద్దంటారు. అది వద్దు కాదు, మర్యాద. మూడోసారి అడిగితేనే నిజం చెబుతారు. కాబట్టి అక్కడివాళ్ళెవరైనా మీతో వద్దు అని ఉంటే, మీరింకా అడగడం పూర్తి చేయలేదన్నమాట."

ఇది చెబుతున్నంతసేపు ఎదురుగోడ వైపే చూశాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు ధైర్యం చేసి రెండో వరుస వైపు చూస్తే ప్రొఫెసరమ్మ గడియారం చూసుకుంటోంది. లేచి హెల్మెట్ పెట్టుకుంది. ఇంత చేసి ఇంతేనా అనిపించింది.

ఆమె గుమ్మం వైపు వెళ్ళాలంటే మా బల్ల దాటాలి. బల్ల వెనక నా స్నేహితురాలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. సిగ్గుతో తల వంచుకునే, "కొంచెం తినండి" అంది. ప్రొఫెసరమ్మ నవ్వి, వద్దు, కారం తినలేనంది. "కొంచెమే, అన్నంతో" అంది మా అమ్మాయి. నిజంగానే వద్దంది ప్రొఫెసరమ్మ. మా అమ్మాయి ఊరుకోలేదు. ఎదుటి మనిషి ప్రొఫెసరని మర్చిపోయింది, ఎవరైనా సరే అతిథి అతిథే. కంచం చాచి మళ్ళీ, "తినండి" అంది.

ప్రొఫెసరమ్మ ఆగిపోయింది. కంచం వైపు చూసింది, మా అమ్మాయి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మూడోసారి కదా" అని కంచం అందుకుంది.

ఒక ముద్ద తింది. మొహం ఎర్రబడింది, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. బిర్యానీ బల్ల వదిలేసి గుంటూరు అన్న పెరుగు డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. "పెరుగు! పెరుగు తినమనమ్మాయ్, ఆమెకు తెలీదు!" ప్రొఫెసరమ్మ పెరుగు తింది. మళ్ళీ ఒక ముద్ద కూర తింది. కళ్ళు తుడుచుకుని మా అమ్మాయిని అడిగింది, "నా బృందంలోకి రమ్మని మిమ్మల్ని అడిగాను. అది ఎన్నోసారి?"

మా అమ్మాయి చెయ్యి నోటి మీదకు వెళ్ళింది. "మొదటిసారి" అంది, వినీ వినిపించకుండా.

"సరే, రెండోసారి అడుగుతున్నాను. వస్తారా?"

"లేదు లేదు, నాకంత అర్హత..."

నా ప్రాణం పోయింది! ఓసి నీ మర్యాద మండ, అని పైకే అన్నాను, తెలుగులో కాబట్టి బతికిపోయాను. ప్రొఫెసరమ్మ మాత్రం కదల్లేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి ముందుకు వంగింది.

"మూడోసారి అడుగుతున్నాను."

మా అమ్మాయి నోటి మీది చెయ్యి దించింది. "వస్తాను" అంది. అంది, ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ప్రొఫెసరమ్మ కళ్ళల్లో అప్పటికే నీళ్ళున్నాయి కాబట్టి ఆమె సంగతి చెప్పలేను. సంచిలోంచి డైరీ తీసి, "సోమవారం, ఎనిమిది గంటలకు" అని రాసుకుంది. నేను ఎగిరి గంతేస్తే నడుము పట్టీ ఊడిపోయింది. కీరా జారిపోకుండా అన్న ఎవరిదో కోటు తెచ్చి కప్పాడు. ప్రొఫెసరమ్మ హెల్మెట్ పెట్టుకుంటూ నాతో, "ఆ చివరి నియమం చెప్పేటప్పుడు గోడ వైపే ఎందుకు చూశారు?" అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. అప్పుడు సమయం సరిగ్గా ఏడు.

ఆ తర్వాత నా స్నేహితురాలిని మనుషుల్లో చూడటం తగ్గిపోయింది. పొద్దున్నే బూట్లు వేసుకుని ఇసుక మైదానానికి పోయేది, సాయంత్రం జేబుల నిండా మట్టితో వచ్చేది. ఏ మొక్క ముందు నాటితే మట్టి పట్టుకుంటుందో, వేళ్ళు ఎంత లోతుకు పోతాయో తింటున్నంతసేపూ చెప్పేది. చదువు ముగించుకుని వెళ్ళిపోయే ముందు నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. నా మోకాలి ఎత్తు మొక్కలు వరసలుగా నిలబడి ఉన్నాయి. మా ఖని దిబ్బలు గుర్తొచ్చి ఒక మొక్క పక్కన కూర్చుని ఆకు తడిమాను.

"మా ఇంటికి వస్తావా?" అంది.

"వస్త!" అన్నాను, ఆమె నోరు మూయకముందే.

పకపకా నవ్వింది. "మా అమ్మ అడిగినప్పుడు మాత్రం ఇలా అనకు. మర్యాద తెలియని దానితో స్నేహం చేశాననుకుంటుంది. రెండుసార్లైనా వద్దను."

ఆమె వెళ్ళిన నెలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం కిచెన్‌లో ఉండగా వీడియో కాల్ వచ్చింది. వాళ్ళమ్మ. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, వెనక నా స్నేహితురాలు మాట మాటకూ అర్థం చెబుతోంది. మా ఇంటికి రమ్మంటోంది అమ్మ అంది. నేను బుద్ధిగా నోటి మీద చెయ్యి పెట్టుకుని "మెషు, మెషు" అన్నాను. అమ్మ మురిసిపోయింది. రెండోసారి అడిగింది. మళ్ళీ "మెషు, మెషు" అన్నాను.

అంతే, బొమ్మ ఆగిపోయింది. కాల్ కట్టయింది. తిరిగి చేస్తే కలవలేదు. ఒకటికి పదిసార్లు చేశాను. అక్కడ వాన పడితే నెట్ ఉండదని ఎన్నోసార్లు చెప్పింది. వద్దు అన్న మాట దగ్గర ఆగిపోయింది నా జవాబు! పొయ్యి మీద పప్పు మాడుతుంటే అన్న వచ్చి కట్టేశాడు. ఏమైంది తల్లీ అంటే ఫోన్ చూపించాను. మూడు వారాలు ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు ముప్పావు గంటలో అర్థమైంది.

అప్పుడు ఫోన్ మోగింది. తెరంతా పొగమంచు. గొడుగు కింద తడిసి ముద్దయిన మొహం, రొప్పుతోంది. సిగ్నల్ కోసం ఆ వానలో కొండ ఎక్కి వచ్చింది వాళ్ళమ్మ, చేతికర్ర పట్టుకుని. పక్కన నా స్నేహితురాలు తలపట్టుకుని నిలబడి ఉంది. "రేపు అడగొచ్చు కదా అంటే వినలేదు" అంది. అమ్మ ఊపిరి తీసుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, మూడోసారి అడిగింది.

"వస్తనమ్మా!" అని తెలుగులోనే అరిచాను. దానికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది.